నలభై డిగ్రీలు ఎవరు చెప్పారు?

నగరపాలక సంస్థలో ఇంజనీరు ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లోవాళ్లు రోడ్లు, మురుగునీటి మోరీలు, వంతెనలు ఊహించుకుంటారు. నాకూ ఇరవై తొమ్మిదేళ్లు అవే పనులు పడ్డాయి. చివరి ఆరేళ్లు మాత్రం నన్ను తీసుకెళ్లి వాతావరణ మార్పుల మీద వేసిన శాస్త్రీయ సలహా సంఘానికి సభ్య కార్యదర్శిగా కూర్చోబెట్టారు. పేరు పెద్దది, పని చిన్నది. శాస్త్రవేత్తలకు ఫోన్లు చేసి తేదీ కుదర్చాలి, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టించాలి, వాళ్లు మాట్లాడుకున్నది రాసి పైకి పంపాలి. "తస్నీమ్ మేడంకు పనిష్‌మెంట్ పోస్టింగ్ పడ్డది" అని ఆఫీసులో నవ్వుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆ రోజు పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నేను గర్వపడేది ఆ ఆరేళ్ల గురించే. ఈ మధ్య కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, "మమ్మల్ని కూడా ఇట్లాంటి కమిటీలో వేసిన్రు మేడం, ఏం చెయ్యాలె?" అని అడిగారు. వాళ్ల గొంతులో ఏడుపు నాకు బాగా తెలిసిన ఏడుపే. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫైలు ఎట్లా నడుస్తుందో, ప్రమోషన్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఆఫీసు నిండా మనుషులున్నారు. నేను ఒక తప్పు గురించీ, దాన్ని దిద్దుకున్న తీరు గురించీ చెబుతాను. తప్పు నాదే.

ఇద్దరు పెద్దలు, రెండు అంకెలు

సంఘంలో ఏడుగురున్నా మాట నడిపేది ఇద్దరే. అధ్యక్షురాలు వసుంధర గారు, వాతావరణ శాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసర్. తెలియనిది తెలియదని చెప్పడానికి ఆవిడ ఎప్పుడూ మొహమాటపడలేదు. రెండో ఆయన డాక్టర్ హబీబ్. ప్రతి ఎండాకాలం దవాఖానలో వడదెబ్బ కేసులు చూసి చూసి రాటుదేలిన మనిషి, కోపం ముక్కు మీదుంటుంది.

మాకు అప్పగించిన మొదటి పని ఎండ హెచ్చరిక. ఎన్ని డిగ్రీలు దాటితే నగరం హెచ్చరిక ఇవ్వాలో తేల్చాలి. హెచ్చరిక పడిందంటే మైకు కట్టిన బండ్లు బస్తీల్లో తిరుగుతాయి, బజార్లలో బరువు పనులు మధ్యాహ్నం ఆగుతాయి, దవాఖానల్లో ఐసు సిద్ధంగా ఉంటుంది.

వసుంధర గారు నలభై మూడు అన్నారు. డాక్టర్ ముప్పై ఏడు అన్నారు.

"నలభై మూడు దాకా ఆగితే నా వార్డు నిండుతది ప్రొఫెసర్ గారూ."

"ముప్పై ఏడుకే హెచ్చరిక ఇస్తే మార్చి నుంచి రోజూ ఇవ్వాలి డాక్టర్ గారూ. అప్పుడది నాన్నా పులి కథ అవుతుంది."

మూడు సమావేశాలు ఇదే వాదన. నేను బిస్కెట్లు మారుస్తూ కూర్చున్నాను. ఇంతలో మా కమిషనర్, ఆఫీసంతా పెద్దసారు అనే ఆయన, పిలిచారు. ఆయన్ని చెడ్డవాడని అనను, పనిమంతుడు. కాగితం టేబుల్ మీద రెండో రోజు ఉండనివ్వడు.

"నాకు ఒక్క నంబర్ గావాలె తస్నీమ్. సైంటిస్టుల లొల్లి నాకెందుకు? సాయంత్రం వరకు ఫైల్ పెట్టు."

నేను ఇరవై తొమ్మిదేళ్లు మోరీలు కట్టించిన ఇంజనీరును. మోరీ లోతు ఇద్దరు కొలిస్తే రెండు రకాలుగా వస్తుంది, రెండూ కలిపి సగం చేసి రాస్తాం. చేతికి అలవాటైన పని. నలభై మూడు, ముప్పై ఏడు కలిపితే ఎనభై, సగం నలభై. చూడ్డానికి గుండ్రంగా, ముద్దుగా ఉంది. ఇద్దరి మాటా నిలబెట్టాననీ, ఎవరి మనసూ నొప్పించలేదనీ నాలో నేనే మురిసిపోయాను. "సంఘం నలభై డిగ్రీలు సిఫార్సు చేసింది" అని సమావేశం మినిట్స్‌లో రాసి సంతకాలకు పంపాను. ఇద్దరూ సంతకం పెట్టి పంపారు. ఎంత చదువుకున్నవాళ్లైనా తాము మాట్లాడిన మాటల కాగితం మళ్లీ చదవరు, ఇది గుర్తుపెట్టుకోండి.

మైకు బండి రాని రోజు

మొదటి మే నెల అద్భుతంగా గడిచింది. నలభై దాటిన ప్రతిరోజూ బండ్లు తిరిగాయి. బేగంబజార్‌లో మధ్యాహ్నం లారీలు సరుకు దించకుండా నిలబడిపోయాయి. నన్ను చూసి నవ్వినవాళ్లే షాబాష్ అన్నారు. నేను కాస్త పొంగిపోయిన మాట నిజం.

జూన్ వచ్చింది. మబ్బులు పట్టాయి, వాన మాత్రం పడటం లేదు. ఒకరోజు మధ్యాహ్నం వేడి ముప్పై ఎనిమిది, గాలి ఆడటం లేదు. ఎండలు పోయాయిలే అనుకుంటూ ఆఫీసులో కూర్చున్నాను. డాక్టర్ హబీబ్ ఫోన్ చేశారు.

"తస్నీమ్, బేగంబజార్ నుంచి ఒక హమాలీని తెచ్చిన్రు. ఒళ్లు కాలిపోతున్నది, మనిషికి తెలివి లేదు. ఇయ్యాల అలర్ట్ ఎందుకియ్యలే?"

"ముప్పై ఎనిమిదే కదా డాక్టర్ సాబ్. మనం పెట్టుకున్నది నలభై."

"మనమా?" అని ఫోన్ పెట్టేశారు.

ఆ హమాలీ పేరు నర్సింగ్. మూడు వారాలు దవాఖానలో ఉండి ప్రాణంతో బయటపడ్డాడు. కిడ్నీలు మాత్రం దెబ్బతిన్నాయి. ఇక బరువు ఎత్తొద్దని డాక్టర్ చెప్పేశారు. అతన్ని చూడటానికి వాళ్లింటికి కిషన్‌బాగ్ వెళ్లాను. ఒక్క గది, రేకుల కప్పు. నర్సింగ్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని భార్య లక్ష్మమ్మ నాకు కుర్చీ వేసి, తను గడప దగ్గర కూర్చుంది.

"మే నెలల మైకు బండొచ్చి ఎండల పనికి పోవద్దన్నది మేడం. మస్తు మంచిగ చెప్పిన్రు. గా మాట ఇని ఈయన పగటీలి ఇంట్లనే ఉన్నడు. ఆ పొద్దు బండి రాలే. బండి రాలేదంటే ఫికర్ లేదనుకుని పోయిండు."

ఆమె నన్ను నిందించలేదు, పొగిడింది. ఆ పొగడ్త విన్నాక నాకు కుర్చీలోంచి లేవడం చేతకాలేదు. మనం ఎంత చెప్పినా జనం వినరని మా ఆఫీసులో ఎప్పుడూ ఒక ఏడుపు ఉంటుంది. ఈ మనిషి విన్నాడు. మేం చెప్పిన రోజు ఆగాడు, చెప్పని రోజు పోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆటోలో ఇంటికొస్తూ, గడ్డి తినే బుద్ధి కాకపోతే సగటు ఎందుకు తీశానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

సంతకాలు పెట్టినవాళ్ల ముందు

తర్వాతి సమావేశంలో వసుంధర గారు పాత మినిట్స్ తెప్పించి ఒక్కో లైనూ చదివారు.

"నలభై డిగ్రీలు ఎవరు చెప్పారు?"

నేను లేచి నిలబడ్డాను.

"నేనే మేడం. మీ నంబరు, డాక్టర్ గారి నంబరు కలిపి సగం చేసిన."

డాక్టర్ నెత్తి పట్టుకున్నారు. వసుంధర గారు కోప్పడతారనుకున్నాను. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుని, తరగతిలో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

"నేను చెప్పింది పొడి ఎండ గురించి, ఏప్రిల్, మే నెలల్లో కాసేది. ఆయన చెప్పింది ఉక్క గురించి. గాలిలో తడి నిండితే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. బరువు మోసేవాడు పడిపోవడానికి అప్పుడు ముప్పై ఏడు చాలు. మేమిద్దరం మూడు సమావేశాలు వాదించుకున్నాం గానీ, వాదిస్తున్నది రెండు వేర్వేరు రోజుల గురించని మాకే తట్టలేదు. చీర పొడుగూ బియ్యం బరువూ కలిపి సగం చేస్తే ఏమొస్తుంది తస్నీమ్ గారూ?"

పాత మినిట్స్ కింద వేలు పెట్టి చూపిస్తూ, "సంతకం నాది. చదవకుండా పెట్టాను" అన్నారు.

"నేను కూడా" అన్నారు డాక్టర్. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

కొత్తగా చేరినవాళ్లకు నా మాట ఇది. శాస్త్రవేత్తలు కొట్లాడుకుంటుంటే సర్దిచెప్పకండి. ఇద్దరూ ఒకే దాని గురించి మాట్లాడుతున్నారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడిగే ధైర్యం నాకు ఉంటే నర్సింగ్ ఇప్పటికీ బస్తా ఎత్తేవాడు. అడిగితే తెలివితక్కువదాన్ననుకుంటారని భయపడ్డాను. తెలివితక్కువగా కనిపించడం కార్యదర్శి ఉద్యోగంలో భాగమేనని ఆ తర్వాత అర్థమైంది.

అప్పటి నుంచి మా మినిట్స్ మారిపోయాయి. ప్రతి సిఫార్సు పక్కన అది ఎవరు చెప్పారో, ఎంత నమ్మకంతో చెప్పారో, ఏది ఇంకా తెలియదో రాయడం మొదలుపెట్టాను. పొడి ఎండకు ఒక నంబరు, ఉక్కకు ఒక నంబరు రాసిన కాగితం పట్టుకుని పెద్దసారు దగ్గరకు వెళ్లాను.

"రెండు నంబర్లు ఏంది? జనానికి ఏం సమజైతది?"

"ఎండ, ఉక్క తేడా జనానికి పుట్టినప్పటి సంది తెలుసు సార్. తెల్వంది మనకే."

ఆయన నవ్వి సంతకం పెట్టేశారు. బజార్లలో ఎండ రోజుకు ఎర్రజెండా, ఉక్క రోజుకు నీలిజెండా అని ఖాయమైంది.

పదిహేను బస్తాలకో దమ్

జెండా లేవగానే మనుషులు ఆగుతారనుకోవడం నా రెండో అమాయకత్వం. ఎండ రోజున నీడ, నీళ్లు ఉంటే చాలావరకు గడుస్తుంది. ఉక్క పొద్దంతా ఉంటుంది, మధ్యాహ్నం ఒక్కటే పని ఆపితే చాలదు, మధ్యమధ్యలో ఫ్యాను ముందు కూర్చుని ఒళ్లు చల్లబరచుకోవాలి. గంటకోసారి పావుగంట కూర్చోవాలని సంఘం చెప్పింది. ఆ కాగితం పట్టుకుని బేగంబజార్ వెళ్లాను.

హమాలీలది జట్టు పని. ఒక జట్టుకు ఒక మేస్త్రీ. లారీ మీద కప్పిన తాటిపత్రి పట్టా లేపారంటే ఖాళీ అయ్యేదాకా ఎవరూ కూర్చోరు. కూర్చున్నవాణ్ణి వారం రోజులు ఆటపట్టిస్తారు. నర్సింగ్ కూడా కళ్లు తిరుగుతున్నాయని చెప్పడానికి నామోషీ పడి ఇంకో రెండు బస్తాలు మోశాడట. అతని జట్టు మేస్త్రీ మల్లేశ్ నా కాగితం తిప్పి చూసి తిరిగిచ్చేశాడు.

"గంటకోసారి కూసోమంటున్నరు. నెత్తి మీద బస్తా ఉంటే గడియారం ఎవడు జూస్తడు మేడం? మాకు గంటలు తెల్వయ్. బస్తాలు తెలుసు."

వ్యాపారుల సంఘం పెద్ద గోవింద్ సేఠ్ ఇంకో వైపు నుంచి అందుకున్నాడు. "సైన్స్ సబ్ ఠీక్ హై మేడంజీ. ఒక లారీ ఆగితే ఎనకాల పది లారీలు ఆగుతయ్, గల్లీ జామ్ ఐతది. మాల్ దిగాలె కదా."

పాత తస్నీమ్ అయితే పావుగంటను ఏడు నిమిషాలు చేసి ఇద్దర్నీ మెప్పించేది. ఈసారి వాళ్ల మాటలు ఉన్నవున్నట్టు రాసి సంఘానికి ఇచ్చాను. డాక్టర్ హబీబ్ చదివి కోప్పడతారనుకుంటే, "బస్తాల్లో చెప్పమంటున్నడు. బస్తాల్లోనే చెబుదాం" అని లేచారు.

ఆయన మూడు రోజులు గోవింద్ సేఠ్ గోదాము ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. వచ్చే ప్రతి హమాలీ చెయ్యి పట్టి నాడి చూడటం, రాసుకోవడం. వసుంధర గారు గోదాములో వేడి, తడి కొలిచే పరికరం వేలాడదీసి లెక్కలు కట్టారు. మూడో రోజుకు హమాలీలు ఆయనకు చాయ్ తెచ్చిపెట్టసాగారు. చివరికి తేలింది ఏమిటంటే, ఉక్క ఉన్నప్పుడు ఒక మనిషి పదిహేను బస్తాలు మోశాక గుండె దడ దానంతటది దిగడం లేదు. అక్కడ ఆపాలి.

"సరే, పదిహేనుకు ఆగుతం. మొదట కూసున్నోణ్ణి నవ్వుతరు గదా?" అన్నాడు మల్లేశ్. మళ్లీ తనే జవాబు చెప్పుకున్నాడు. "అందరం ఒక్కసారే కూసుంటే ఎవడు ఎవణ్ణి నవ్వుతడు?"

ఏడుగురు నిపుణులకు తట్టని మాట అది. దానికి పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు, దమ్, అంటే ఊపిరి తీసుకోవడం. దమ్ అని కేక పడితే జట్టు మొత్తం ఫ్యాను ముందు కూర్చోవాలి.

సేఠ్ ఇంకా నమ్మలేదు. నీలిజెండా అవసరం లేని, కాస్త ఉక్కగా ఉన్న ఒక పొద్దున డాక్టర్ ఎదురుగా నిలబడి ఉండగా రెండు చక్కెర లారీలు పక్కపక్కన పెట్టించాం. ఒక జట్టు పాత పద్ధతిలో, మల్లేశ్ జట్టు దమ్ తీసుకుంటూ. ఏం తేలుతుందని వసుంధర గారిని అడిగితే, "నాకు తెలియదు, అందుకే కదా చూస్తున్నాం" అన్నారు హాయిగా. మొదటి సగం పాత జట్టు దూసుకుపోయింది. సేఠ్ నా వైపు చూసి మీసం దువ్వాడు. తర్వాత వాళ్ల నడక బరువెక్కింది, ఒక్కో బస్తాకీ నిలబడి ఊపిరి తీసుకున్నారు. దమ్ జట్టు మొదలుపెట్టిన వేగంతోనే నడిచి, వాళ్లకన్నా కాస్త ముందే లారీ ఊడ్చేసింది. మల్లేశ్ తాటిపత్రి మడిచి సేఠ్ ముందు పెట్టాడు.

"గిట్లైతదని ముందే చెప్పొచ్చు గదా మేడంజీ" అన్నాడు సేఠ్.

"మాకూ ముందు తెల్వది సేఠ్‌జీ."

"ఫ్యాన్లు నేను పెట్టిస్త" అని లోపలికి పోయాడు. వారంలో గల్లీలో ఫ్యాన్లు తిరిగాయి. మరుసటేడు మిగతా బజార్ల మేస్త్రీలు మల్లేశ్ దగ్గరకు వచ్చి దమ్ ఎట్లా తీయాలో నేర్చుకుని వెళ్లారు. మేం వేసిన ఏ పోస్టరూ అంత దూరం పోలేదు.

మబ్బు కింద నీలిజెండా

నా ఆఖరి జూన్‌లో, నెలాఖరుకు రిటైర్మెంట్ అనగా, ఒక పొద్దున వసుంధర గారు ఫోన్ చేశారు.

"ఈరోజు ఉక్కకు మనం పెట్టుకున్న గీత దాటుతుందనుకుంటున్నాను తస్నీమ్ గారూ. వాన పడి చల్లబడే అవకాశం కూడా కొంచెం ఉంది. దాటే అవకాశమే ఎక్కువ."

పెద్దసారుకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నట్టున్నారు.

"ఆకాశం జూసినవా? వాన పడేటట్టున్నది. ఇప్పుడు జెండా ఎగరేస్తే పేపరోళ్లు నవ్వుతరు."

"చూసిన సార్. గందుకే ఎగరేయాలె."

"వాన పడితే?"

"నన్ను తిట్టండి సార్. ఎవరు చెప్పిన్రో, ఎంత నమ్మకంతోని చెప్పిన్రో అంతా రాసి పెట్టిన. కింద నా సంతకం ఉన్నది."

"ఎగరెయ్" అన్నారు.

మబ్బు కింద నీలిజెండా లేచింది. దారినపోయేవాళ్లు, "వానకు కూడా జెండానా?" అని వేళాకోళం చేశారు. వాన పడలేదు. మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది, నిలబడ్డ చోటే బట్టలు తడిసిపోతున్నాయి. వసుంధర గారి గీత దాటింది. సేఠ్ గోదాము ముందు నర్సింగ్ కూర్చున్నాడు. బరువు మోయలేని మనిషికి జట్టు ఇచ్చిన పని అది, బస్తాలు చూసుకుంటూ దమ్ అని కేకేయడం. అతను కేకేస్తే ఎదురు చెప్పేవాడు ఆ గల్లీలో లేడు. ఎందుకు కేకేస్తున్నాడో అందరికీ తెలుసు.

నేను పక్క గల్లీలోని చిన్న దవాఖానలో కూర్చున్నాను. అక్కడ వడదెబ్బ తగిలినవాళ్లను ముంచడానికి పెద్ద టబ్బు, ఐసు దిమ్మెలు సిద్ధం చేయించాం. పన్నెండయింది, రెండయింది, నాలుగయింది. ఫోన్ మోగిన ప్రతిసారీ టబ్బు వైపు చూసి ఎత్తాను. ఒకసారి డాక్టర్ హబీబ్, "వచ్చిన్రా ఎవరైనా?" అని అడిగారు. రాలేదన్నాను. ఇంకోసారి ఆయనే. మళ్లీ రాలేదన్నాను.

ఆరింటికి లారీలన్నీ ఖాళీ అయ్యాయి. జట్లు మొహాలు కడుక్కుని, ఒకరినొకరు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ దవాఖాన ముందు నుంచే ఇళ్లకు పోతున్నాయి. గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్కొక్కరూ తమ కాళ్ల మీద తాము నడిచిపోతున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

వెనక నుంచి నర్సు పిలిచింది. టబ్బులో ఐసంతా కరిగి నీళ్లయింది. ఆమె చేతిలో స్టాకు రిజిస్టరు ఉంది. తెచ్చిన ఐసు ఎంత, ఎంతమందికి వాడారు, వాడకపోతే కారణం ఏమిటి అని గళ్లున్నాయి.

"ఇంత ఐసు తెప్పించి ఒక్కరికి గూడ వాడలే మేడం. కారణం ఏమని రాయాలె?"

పెన్ను తీసుకుని నేనే రాశాను.

"ఎవరూ పడిపోలేదు."